మాన్‌జై నవ్వుతూ ఎందుకు దూకాడు

కౌలూన్,
మే నెల

కామ్‌తై అక్కకి,

ఉత్తరం చూడగానే "దీనికేదో పనిపడింది" అనుకుంటావని తెలుసు. పనే పడింది. మా అత్తగారు మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. వేసవంతా మంచం దిగకూడదట. మాన్‌జైని ఇన్నాళ్ళూ చూసుకున్నది ఆవిడే. ఈయన బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది, నాకు ఈతకొలనులో ఉద్యోగం. రెండేళ్ళు నిండిన వాణ్ణి గదిలో పెట్టి తాళం వేసుకుపోలేం కదా. వాణ్ణి ఈ వేసవికి నీ దగ్గర, పడవలో ఉంచుకుంటావా?

అత్తగారికి ససేమిరా ఇష్టం లేదు. "ఉప్పునీళ్ళ వాళ్ళ దగ్గరికా? కోతిపిల్లని కట్టేసినట్టు కట్టేస్తారమ్మా వాణ్ణి!" అంటున్నారు. కోడలు పుట్టింది కూడా ఆ ఉప్పునీళ్ళలోనే అన్న సంగతి ఆవిడకి కోపంలో గుర్తుండదు. ఎండుచేప వేయించినప్పుడు మాత్రం గుర్తొస్తుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. కొలనులో రెండు మూడేళ్ళ పిల్లలకి పొద్దుటి పూట తరగతి మొదలుపెట్టాను. ఈత అనకూడదు దాన్ని. నీళ్ళలో పడితే ప్రాణం కాపాడుకోవడం నేర్పుతాను. తల్లులూ వస్తారు. వాళ్ళని చూస్తుంటే ఒక సందేహం పట్టుకుంది నన్ను. నేల మీద పిల్లలు బకెట్టు నీళ్ళకి కూడా భయపడాల్సి వస్తుంటే, మన పడవపిల్లలు ఎలా బతికి బట్టకట్టారు? మనకి అమ్మ ఎలా నేర్పింది? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నీకేమైనా గుర్తుందా?

నీ చెల్లెలు,
హోయ్‌యిన్


చ్యూంగ్ చౌ రేవు,
మే నెల

చెల్లీ,

నీ ఉత్తరం ఐసు కొట్టతను నాలుగు రోజులు తన గల్లాపెట్టె కింద దాచి ఇచ్చాడు. సగం తడిసింది. అర్థమైన సగానికి జవాబు: పంపించు. అడగాలా దానికి?

మీ అత్తగారన్నది నిజమే, కడతాం. గుండెల మీదుగా గుడ్డపట్టీ వేసి, వీపు వెనక ముడేసి, తాడు తెరచాప స్తంభానికి కడతాం. పిల్లాడు ఎంత లాగినా పడవ అంచు చేతికందనంత పొడుగే ఉంటుంది తాడు. నిన్నూ అలాగే కట్టారు. నువ్వు తాడుని కొరికి కొరికి పళ్ళు తెచ్చుకున్నావు. మీ అత్తగారికి ఇది చెప్పకు, ఎండుచేప కూడా మానేస్తుంది.

పడవపిల్లలు మునగరని ఎవరన్నారు నీతో? మునిగినవాళ్ళ గురించి పడవల్లో మాట్లాడుకోరు. అంతే తేడా. అమ్మ మనకి ఎలా నేర్పిందంటావా, నాకూ గుర్తు లేదు. నేర్పినట్టే అనిపించదు. ఏదో ఒకరోజు తాడు విప్పేసింది.

నీ తరగతి సంగతి వినడానికి వింతగా ఉంది. నడవడం సరిగ్గా రాని పిల్లలు నీళ్ళలో ఏం చేస్తారే? మీ బావ అడుగుతున్నాడు, దానికి జీతమిస్తారా అని.

కామ్‌తై


కౌలూన్,
జూన్ నెల

అక్కా,

రేవు మీద వాణ్ణి నీ చేతికిచ్చి వెనక్కి తిరిగి చూడకుండా ఫెర్రీ ఎక్కాను. చూస్తే ఏడుస్తానని. వాడు ఏడ్చాడా? నిజం చెప్పు.

అక్కడ బావ ఉన్నాడని గట్టిగా అనలేదు, నీ చెవిలోనే చెప్పాను గానీ, తాడు చూస్తే నాకు ప్రాణం ఒప్పలేదు. పడవ కదిలేటప్పుడు, వలలు లాగేటప్పుడు కట్టు, కాదనను. లంగరు వేసి రేవులో ఉన్నప్పుడు మాత్రం విప్పెయ్యి. నువ్వు సరేనన్నావు, మాట తప్పవని తెలుసు. వాడు ఉత్త చేతకాని పిల్లాడు కాడు. నా తరగతిలో అందరికంటే చురుకు. గట్టు మీంచి జంకూ గొంకూ లేకుండా దూకుతాడు. మొదట్లో ముక్కులో నీళ్ళుపోయి కెవ్వుమనేవాడు, ఇప్పుడు నవ్వుతూ దూకుతాడు.

ఇంకొకటి నేర్పాను. అదే అసలు విద్య. నీళ్ళలో బోర్లా ఉన్నప్పుడు నేను "పల్టీ!" అంటే చాలు, గిర్రున తిరిగి వెల్లకిలా తేలుతాడు. ముఖం ఆకాశం వైపు, నోరు గాలిలో. అలా ఎంతసేపైనా ఉంటాడు. ఖర్మకాలి ఎప్పుడైనా పడితే గట్టిగా "పల్టీ" అని కేకెయ్యి. తరవాత నువ్వు వెళ్ళి తీసుకోవచ్చు.

రాత్రిపూట వాడి చెవి వెనక రాస్తే తొందరగా నిద్రపోతాడు.

హోయ్‌యిన్


చ్యూంగ్ చౌ రేవు,
జూన్ నెల

ఓసి పట్నం పిల్లా,

నువ్వు పడవలో పుట్టావా, ఆకాశంలోంచి ఊడిపడ్డావా? ఆ మాట కాగితం మీద రాసి పడవకి పంపుతావా, అదీ రెండుసార్లు! పడవకీ అదే గతి పడుతుందని పళ్ళెంలో చేపని కూడా రెండో వైపు తిప్పం మనం. ముల్లు తీసి కింది కండ తింటాం. నీ ఉత్తరం ఐసు కొట్టు దగ్గరే నిలబడి చదివి, మడిచి, అతని దగ్గరే వదిలేసి వచ్చాను. మీ బావకి తెలిస్తే పడవ మొత్తం కడిగించి సముద్రపు తల్లికి అగరొత్తులు వెలిగిస్తాడు. ఇంకే మాటా దొరకలేదా నీకు?

మాన్‌జై ఏడ్చాడు. ఒక పూట. ఆ తరవాత వేడి గంజిలో ఎండురొయ్యలు వేసిపెడితే గిన్నె నాకాడు. ఇప్పుడు పడవంతా వాడిదే. లంగరు వేసినప్పుడు విప్పుతున్నాను, నీకిచ్చిన మాట ప్రకారం. అంచు దగ్గరికి పోడు, భయం ఉంది. కూర్చుని కాళ్ళతో జరుగుతాడు పీతలాగా.

వలలు లాగేటప్పుడు మాత్రం వాణ్ణి చూసి తీరాలి. మేమంతా కలిసి లాగుతుంటే వాడు తాడు చివర నిలబడి ఎగిరెగిరి గంతులేస్తాడు. నవ్వే నవ్వు! మన లో-సామ్ తాత ఉన్నాడు కదా, ముప్ఫై ఏళ్ళుగా మనతో వలలాగే ముసలాయన, "వీడు పుట్టుకతోనే జాలరి అమ్మాయ్, బస్సు నడిపేవాడికి ఎలా పుట్టాడో!" అంటున్నాడు. మీ ఆయనకి చెప్పకు.

కామ్‌తై


చ్యూంగ్ చౌ రేవు,
జూలై నెల

చెల్లీ,

పిల్లాడు బాగున్నాడు. తింటున్నాడు.

నాకు కొన్ని విషయాలు తెలుసుకోవాలని ఉంది. నీ కొలనులో పిల్లలు దూకేటప్పుడు నువ్వెక్కడ ఉంటావు? గట్టు మీదా, నీళ్ళలోనా? వాళ్ళకి ముందుగా ఏం చెబుతావు? ఏమన్నా పాట పాడతావా? వాళ్ళు దేన్ని చూసి దూకుతారు? దూకాక ఏం చేస్తావు? ఏదీ వదలకుండా రాయి. త్వరగా రాయి.

కామ్‌తై


కౌలూన్,
జూలై నెల

అక్కా,

నీకు నా పని మీద ఇంత ఆసక్తి కలుగుతుందని కలలో కూడా అనుకోలేదు. బావకి నా జీతం సంగతి చెప్పి నోరు మూయించావా ఏమిటి?

చెబుతాను విను. నేను నడుం లోతు నీళ్ళలో గట్టుకి ఎదురుగా నిలబడతాను. పిల్లలు గట్టు మీద వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి, రెండు చేతులూ వాళ్ళవైపు చాచి, పెద్ద నవ్వు నవ్వుతాను. నవ్వు ముఖ్యం. పిల్లలు మన ముఖంలో భయం ఇట్టే పసిగట్టేస్తారు. తరవాత "ఒకటీ, రెండూ, మూడు!" అంటాను. తల్లులూ గొంతు కలుపుతారు. మూడు అనగానే దూకుతారు. నేను పట్టుకుంటాను. అందరం చప్పట్లు కొడతాం. బిస్కెట్ ముక్క పెడతాం. పాటేమీ లేదు, ఆ లెక్కే పాట. మాన్‌జై అయితే ఇంట్లో కూడా సోఫా ఎక్కి "మూ!" అంటూ దూకుతాడు.

ఇంతకీ ఎందుకడిగావు? నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అందులో ఒక్క తిట్టు కూడా లేదు. అక్కా, ఏం జరిగింది?

హోయ్‌యిన్


చ్యూంగ్ చౌ రేవు,
జూలై నెల

హోయ్‌యిన్,

ముందు ఇది చదువు: మాన్‌జై క్షేమం. నేను రాస్తుంటే నా పక్కన కూర్చుని చెప్పు నోట్లో పెట్టుకుంటున్నాడు. లాక్కున్నాను. ఇప్పుడు మిగతాది చదువు.

నీకు ప్రశ్నలు రాయడానికి ముందు రోజు వాడు నీళ్ళలో పడ్డాడు. కాదు. పడలేదు. అందుకే నాకు నిద్ర పట్టలేదు. పడితే నాకు అర్థమయ్యేది. పిల్లలన్నాక పడతారు. వాడు దూకాడు. నవ్వుతూ దూకాడు. అంచు చూస్తే పీతలా వెనక్కి జరిగే పిల్లాడు, లేచి నిలబడి, నవ్వుతూ దూకాడని పక్క పడవ కుర్రాడొకడు చూసి చెప్పాడు. ఎందుకని నా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. మీ బావ ఏదో గాలి సోకిందన్నాడు.

రేవులో ఉన్నాం, లంగరు వేసి ఉంది, తాడు విప్పి ఉంది. ఐసు వచ్చింది. కింద చిన్న పడవలో లో-సామ్, పైన మీ బావా, పక్క పడవ కుర్రాళ్ళూ. నేను అటు చివర గోనెలు పరుస్తున్నాను. ఐసు గంప బరువు కదా, అందరూ కలిసి "ఒకటీ, రెండూ, మూడు!" అన్నారు. మూడు అనగానే లో-సామ్ గంపతో సహా రెండు చేతులూ పైకెత్తాడు. దభీమని చప్పుడైంది. ఐసు జారిందనుకున్నాం.

నీ ఉత్తరం వచ్చేదాకా తెలియలేదు. వలలు లాగేటప్పుడూ అదే లెక్క కదా మాది. వాడు గంతులెయ్యలేదు చెల్లీ, ఇన్నాళ్ళూ దూకుతూనే ఉన్నాడు. తాడు ఆపింది. మేం చూసి మురిసిపోయాం.

రెండు పడవల మధ్య నీళ్ళలో బోర్లా ఉన్నాడు. ఎర్ర చొక్కా ఉబ్బింది. అందరి చేతులూ గంప కిందే, నేనున్న చోటునుంచి వాడి దగ్గరికి పోయేసరికి ఏమయ్యేదో. నీ ఉత్తరంలో మాట గుర్తొచ్చింది. పడవ మీద మా అత్త, ఆవిడ అత్త, ఎవరూ అనని మాట. అన్నాను. రేవంతా వినపడేట్టు అరిచాను.

తిరిగాడే! గిర్రున తిరిగాడు. దగ్గుతూ, ఉమ్ముతూ, కళ్ళు పెద్దవి చేసి ఆకాశాన్ని చూస్తూ తేలాడు. నేను బట్టలతోనే దూకి పట్టుకున్నాను. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చెప్పి పంపారు.

నీకు అప్పుడే రాసి ఉండాల్సింది. రాస్తే నువ్వు మర్నాటి ఫెర్రీకి వచ్చి వాణ్ణి తీసుకుపోతావు. తీసుకుపోతే ఎందుకు దూకాడో నాకు ఎప్పటికీ తెలియదు, నీకూ తెలియదు. వాడు ఇంకెక్కడో మళ్ళీ దూకుతాడు. అది నా భయం. అప్పట్నుంచి పగలంతా తాడుతోనే ఉంచాను, ఆ మాట తప్పానని ఒప్పుకుంటున్నాను.

మీ బావ నాతో మాట్లాడటం లేదు. పిల్లాడి గురించి కాదు. ఆ మాట అన్నందుకు.

కామ్‌తై


కౌలూన్,
ఆగస్టు నెల

అక్కా,

నీకు రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. నా పిల్లాడు ఆసుపత్రిలో పడుకుని వస్తే నువ్వు నన్ను పాటలు పాడతావా అని అడుగుతావా? నేనేమో ముసిముసినవ్వులు నవ్వుకుంటూ బిస్కెట్ల గురించి రాస్తానా? నా మీద నాకే అసహ్యం వేసింది. నీ మీద కోపం ఇంకా ఉంది. ఆ మాట ముందే చెబుతున్నాను.

ఫెర్రీ ఎక్కుదామని సంచీ కూడా సర్దాను. కానీ మర్నాడు తరగతి ఉంది. నువ్వన్న మాట తలలో తొలుస్తోంది, ఇంకెక్కడో దూకుతాడని. వీడొక్కడేనా అనిపించింది.

ఒక పని చేశాను. నాతో పనిచేసే ఆవిణ్ణి చడీచప్పుడు లేకుండా నీళ్ళలో ఓ పక్కన, గట్టుకి దగ్గరగా నిలబడమన్నాను. చేతులు చాచొద్దు, పిల్లలవైపు చూడొద్దు, పడితే మాత్రం పట్టుకో అన్నాను. ఇద్దరు తల్లుల్ని కూడా నీళ్ళలోకి దింపాను. పిల్లలు గట్టు మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఎదురుగా ఎవరూ లేరు. నేను వాళ్ళ వెనక్కి పోయి, ఒకావిడతో "ఈ బల్ల అటు జరుపుదాం పట్టండి" అన్నాను. బల్ల పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అన్నాం.

బల్ల కదిలిందో లేదో, వెనక ఒకదాని మీద ఒకటి చప్పుళ్ళు. సగంమంది దూకేశారు. ఎవరూ లేని నీళ్ళలోకి, కిలకిలా నవ్వుతూ. వెంటనే అందరినీ తీశాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఒక తల్లి చప్పట్లు కొట్టి "చూశారా టీచర్, మావాడు ఎంత ధైర్యవంతుడో!" అంది. నేనావిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి మాన్‌జై సంగతి చెప్పాను. ఆవిడ తడిపిల్లాణ్ణి ఒళ్ళో కుక్కుకుని తరగతి అయ్యేదాకా వదల్లేదు.

నేను వాళ్ళకి నీళ్ళంటే భయం పోగొట్టాను అక్కా. నీళ్ళలో ఎప్పుడూ రెండు చేతులు ఉంటాయని నేర్పాను. ఆ చేతులు లేనినాడు ఏమిటన్నది ఆలోచించలేదు.

లెక్క మానేశాను. ఇప్పుడు పిల్లలు గట్టు మీద కూర్చుంటారు. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని, తమ పేరు పిలిస్తేనే దిగుతారు. పిలవకపోతే కూర్చునే ఉంటారు. కూర్చోవడం నేర్పడం దూకడం నేర్పడం కంటే ఎంత కష్టమో! కానీ ఒకటి ఇంకా తేలలేదు. నీళ్ళలో పడ్డాక వాళ్ళు ముందుకే పోతున్నారు, నడి కొలను వైపు. ఇన్నాళ్ళూ నేను అక్కడే కదా నిలబడ్డాను. మనం అలా పోయేవాళ్ళం కాదు. అమ్మ మనకి ఏం చేసిందో గుర్తు తెచ్చుకో. బతిమాలుతున్నాను.

వాణ్ణి ఎప్పుడు తీసుకువెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు. బావని నా మీద కోపపడమను, నీ మీద కాదు. ఆ మాట నేర్పింది నేను.

హోయ్‌యిన్


చ్యూంగ్ చౌ రేవు,
ఆగస్టు నెల

చెల్లీ,

కోపం ఉంచుకో. ఉండాల్సిందే. నేనైతే పడవకే నిప్పు పెట్టేదాన్ని.

గుర్తొచ్చింది. కిందటి వారం చిక్కుడుకాయలు గిల్లుతుంటే ఊరికే తట్టింది. అమ్మ ఎప్పుడూ నీళ్ళలో మనకి ఎదురుగా లేదే! ఆవిడ పడవ మీదే ఉండేది. మనల్ని నడుం తాడుతో పక్కనుంచి దించి, తను పైన కూర్చుని కూరలు తరుగుతూ ఉండేది. మన ముందంతా ఉత్త నీళ్ళు. అమ్మ కావాలంటే వెనక్కి తిరగాలి, పడవ వైపు. వేలాడే తాడు పట్టుకోవాలి. పట్టుకుంటే పైకి లాగేది. అదే పాఠం. పడ్డచోటికే తిరిగి రావడం. చప్పట్లూ లేవు, బిస్కెట్లూ లేవు. "ఇంకా బతికే ఉన్నావా" అనేది, అంతే.

నువ్వు నీళ్ళలోంచి బయటికొచ్చి గట్టు మీద కూర్చో. వాళ్ళని కిందికి దించి, పక్కన మనిషినుంచి, నువ్వు వెనక ఉండు. తిరుగుతారు చూడు. మాన్‌జై రెండు రోజుల్లో తిరిగాడు. పడవ పక్కనే, నడుముకి తాడు కట్టి దించాను, లో-సామ్ తాత నీళ్ళలో వాడి పక్కనే ఉన్నాడు. ఆయన చేతులు చాచకుండా ఉండలేడు, అందుకని వీపు వెనక కట్టుకోమన్నాను. "ఇది మరీ దారుణం అమ్మాయ్" అన్నాడు గానీ కట్టుకున్నాడు. నీ చేతుల్లో వాడు తేలడం నేర్చుకోకపోతే ఈ పని నాకూ వచ్చేది కాదు. నీళ్ళలో తేలి ఊపిరి తీసుకోవడం మన అమ్మ నేర్పలేదు. అది తెలియక మునిగిన పిల్లలు నాకు పేర్లతో సహా తెలుసు. వాళ్ళ గురించి మాట్లాడుకోం అని రాశాను కదా. నువ్వొచ్చినప్పుడు చెబుతాను.

మీ బావ సంగతి. చాలా రోజులు చూశాడు, మాట్లాడలేదు. నిన్న సాయంత్రం చొక్కా విప్పి తనే నీళ్ళలోకి దిగాడు. మాన్‌జై బోర్లా ఉన్నాడు, కాళ్ళు ఆడిస్తున్నాడు. మీ బావ అటూ ఇటూ చూశాడు. పక్క పడవ వాళ్ళు లోపల అన్నం తింటున్నారు. గొంతు తగ్గించి, వాడి చెవిలో చెబుతున్నట్టు "పల్టీ" అన్నాడు. వాడు గిర్రున తిరిగి ఆయన ముఖంలోకి నీళ్ళు ఉమ్మాడు. మీ బావ పైకొచ్చాక తువ్వాలు అడిగాడు నన్ను. మాట్లాడాడన్న మాట.

ఇది ఐసు కొట్టు దగ్గర కాదు, పడవలో కూర్చునే రాస్తున్నాను. ఆ మాట నా చేత్తో రాశాను కూడా, చూశావుగా. పడవ బాగానే ఉంది.

ఆదివారం రా. తీసుకుపోవడమా మానడమా అనేది వచ్చాక నీ ఇష్టం. వచ్చి ముందు ఇది చూడు. ఇవాళ మళ్ళీ ఐసు వచ్చింది. మేం లెక్క మానేశాం, "ఎత్తు" అంటున్నాం. పక్క పడవ వాళ్ళకేం తెలుసు, వాళ్ళు గట్టిగా "ఒకటీ, రెండూ, మూడు" అన్నారు. నేను మాన్‌జై వెనకే, చెయ్యి అందేంత దగ్గర్లో కూర్చున్నాను. వాడు లేచాడు. నీళ్ళ వైపు చూశాడు. తరవాత వెనక్కి తిరిగి, చతికిలబడి కూర్చుని, నా చేతికోసం తడుముకున్నాడు.

ఇచ్చాను.

కామ్‌తై